తూతు కట్టెకు వచ్చిన ఆకు

నా చిన్నప్పుడు నారాయణఖేడ్‌లో మా ఇంటికీ పక్కింటి ఖాలా ఇంటికీ మధ్య నడుమెత్తు మట్టిగోడ ఒకటి ఉండేది. పేరుకు గోడే గాని, దాని మీదుగా కూరగిన్నెలు, పొయ్యిలోకి నిప్పు, ఊళ్లో సంగతులు అన్నీ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతుండేవి. ఖాలా వాకిట్లో ఒక చెట్టు ఉండేది. దాన్ని పుస్తకాల్లో మల్బరీ అంటారని, పట్టుపురుగులు మేసేది దాని ఆకునేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఖాలా షహతూత్ అనేది. మాకు నోరు తిరగక తూతుచెట్టు అనేవాళ్లం.

ఖాలా భర్త దర్జీ. నాకు ఊహ తెలిసేసరికే ఆయన లేడు. పిల్లలు లేరు. పాత చీరలూ లుంగీలూ పొరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టి ఇచ్చి బతికేది. వాళ్ల చుట్టాలొస్తే ఉర్దూలో, మాతో తెలుగులో మాట్లాడేది. మా అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది. మేము ఖాలా అని పిలిచేవాళ్లం. ఖాలా అంటే పిన్ని అని అర్థం ఉందని తెలియక, ఆమె పేరే అదని చాలాకాలం అనుకున్నాను.

మా నాయన గంజ్‌లో బస్తాలు మోసేవాడు. అమ్మ పొద్దున్నే జొన్నరొట్టెలు చేసి గంపలో పెట్టి కూలికి పోయేది. కలుపు తీయడమో, కంది కోతో, ఏ కాలానికి ఏ పని దొరికితే ఆ పని. నాకు తొమ్మిదేళ్లు, మా చెల్లెకు ఐదు. నేను బడికి పోయినంతసేపు అది ఖాలా దగ్గర ఉండేది. బడి నుంచి వచ్చాక దాన్ని చూసుకునే బాధ్యత నాది. ఆ పని నాకు ఇష్టముండేది కాదు. నా ఈడు పిల్లలు వీధిలో ఆడుకుంటుంటే నేను దాన్ని చంకనేసుకుని నిలబడాలి. పుట్టినప్పటి నుంచీ అది బలహీనంగా ఉండేది. కాస్త చలిగాలి తగిలితే దగ్గు, నాలుగు చినుకులు మీద పడితే జ్వరం. పరుగెత్తలేదు గనక ఏ ఆటలోనూ ఎవరూ కలుపుకునేవారు కాదు. అది గోడ దగ్గర కూర్చుని చూస్తుండేది.

దానికి ఉన్న ఒకే సంబరం ఆ తూతుచెట్టు. ఎండాకాలం మొదట్లో పండ్లు నల్లగా మాగి రాలేవి. చెల్లె ఆ చెట్టు కింద కూర్చుని ఒక్కొక్కటే ఏరి, ఊది, తినేది. మూతి, అరచేతులు, గౌను అన్నీ ఊదారంగు అయ్యేవి. ఆ మరకలు ఉతికినా పోవని అమ్మ కోప్పడితే ఖాలా ఒక పచ్చి కాయ తెంపి మరక మీద రుద్ది, నీళ్లతో కడిగి పోగొట్టేది. మరక పోవడం చూసి చెల్లె చప్పట్లు కొట్టేది. మళ్లీ మరక చేసుకుని వచ్చి నిలబడేది.

పండ్ల కాలం అయిపోయాక ఒకనాడు అది ఖాలా కొంగు పట్టుకుని, మాకు కూడా ఒక చెట్టు ఇయ్యమని అడిగింది. ఖాలా నవ్వింది.

“చెట్టెట్ల ఇస్తరే ఛోటీ? కట్టె ఇస్త. కట్టెనే చెట్టయితది. గీ చెట్టు గూడ మా అమ్మ బీదర్‌కెల్లి తడిబట్టల సుట్టుకొచ్చిన కట్టెనే. జర వానలు పడనియ్యి.”

చెల్లె ఆ మాట పట్టుకుని కూర్చుంది. మబ్బు పడితే చాలు, ఖాలా ఇంటి వైపు చూసేది. మిరుగం కార్తె వచ్చి రెండు మంచి వానలు పడ్డాక, ఒక ఆదివారం ఖాలా మమ్మల్నిద్దరినీ పిలిచింది. అప్పుడు ఆమె నేర్పిన పద్ధతి ఇన్నేళ్లలో నేను మరిచిపోలేదు. మరీ లేత కొమ్మ పనికిరాదు, కుళ్లిపోతుంది. మరీ ముదురుదీ పనికిరాదు, మొండికేస్తుంది. నిరుటి కొమ్మ, చిటికెన వేలికంటే కొంచెం లావుగా ఉన్నది చూడాలి. జానెడు పొడవు కోయాలి. ప్రతి కట్టెకూ నాలుగు కండ్లన్నా ఉండాలి. కండ్లంటే చిగురు పుట్టే బుడిపెలు. కింద వైపు ఏటవాలుగా, పైవైపు అడ్డంగా కోస్తే ఏది భూమిలోకి పోవాలో, ఏది ఆకాశం వైపు ఉండాలో తప్పు పోకుండా తెలుస్తుంది. ఖాలా అలా ఐదు కట్టెలు కోసింది. కోసినచోట తెల్లగా పాలు కారాయి. తర్వాత వాటికున్న ఆకులన్నీ దూసేసింది.

పచ్చటి ఆకులు తీసెయ్యడం చెల్లెకు నచ్చలేదు. ఎందుకు తీస్తున్నావని అడిగింది.

“ఆకు ఉంటే నీళ్లడుగుతది. వేరే లేదు, ఏడికెల్లి తెచ్చిస్తది? దూపకే సచ్చిపోతది. అందుకే ఉత్త కట్టెనే పెట్టాలె,” అంది ఖాలా.

మా ఇంటి వెనక, స్నానం చేసే బండకు కొంచెం అవతల, గోడ నీడ పడేచోట మట్టి గుల్ల చేసి ఐదు కట్టెలనూ వరసగా పెట్టించింది. రెండు కండ్లు మట్టిలోకి, రెండు పైకి. పక్కన మట్టిని మడమతో నొక్కమంది. తడి ఆరకూడదు, అలాగని బురద కాకూడదు అని చెప్పింది. ముందు ఆకు వస్తుందని, వేరు తర్వాత వస్తుందని, నెలన్నర దాటేదాకా కట్టెను కదిలించవద్దని మరీ మరీ చెప్పింది. “వేరు ఎట్ల వస్తది ఖాలా?” అని చెల్లె అడిగితే, “మనం చూడనప్పుడు వస్తది” అంది. ఆ మాట చెల్లెకు ఎంత లోపలికి పోయిందో ఆ రోజు మాకెవరికీ తెలియలేదు.

కట్టెలు చెల్లె అడిగినవే. కాని పెట్టింది నేను, పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్లు చల్లేది నేను. మూడు రోజుల్లోనే అవి నావి అయిపోయాయి. మా ఇంట్లో నాదంటూ ఏదీ ఉండేది కాదు. పలక కూడా మేనమామ కొడుకు వాడి ఇచ్చిందే. ఈ ఐదు కట్టెలు చెట్లయితే వీధిలో పిల్లలంతా మా ఇంటికే వస్తారని, ఎవరికి పండ్లు ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో నేనే చెబుతానని లెక్కలేసుకుంటూ బడిలో కూర్చునేదాన్ని.

పదో రోజో, పన్నెండో రోజో అయి ఉంటుంది. బడి నుంచి వచ్చేసరికి చెల్లె వెనకాల స్నానాల బండ దగ్గర కూర్చుని ఉంది. పక్కన ఐదు కట్టెలూ వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ పీకి, చెంబులో నీళ్లతో మట్టి కడిగి, తన గౌను అంచుతో తుడిచింది. అమ్మ తనకు స్నానం చేయించినట్టే. నన్ను చూసి సంతోషంగా చెప్పింది.

“వేర్లు వచ్చినయా అని చూసిన అక్కా. ఇంక రాలే.”

నేను దాన్ని కొట్టాను. చెంప మీద, నా బలమంతా పెట్టి. నా ఐదు వేళ్లూ దాని చెంప మీద తేలాయి. అది ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. చేతిలో ఉన్న కట్టెను మెల్లగా మిగతా నాలుగింటి పక్కన పెట్టి, లేచి, లోపలికి పోయింది. నేను కట్టెలను మళ్లీ మట్టిలో గుచ్చాను. గుచ్చుతూ లోపలికి వినపడేలా ఏదేదో తిట్టాను. నీ వల్లనే ఇవి చచ్చిపోతాయి, చూడు, అన్న మాట మాత్రం నాకు స్పష్టంగా గుర్తుంది. అమ్మ వచ్చేసరికి చెంప మీద గుర్తులు పోయాయి. అది చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి చెల్లె ఆ కట్టెల దగ్గరికి రాలేదు. వెనక తలుపు గడప మీద కూర్చునేది. నేను నీళ్లు చల్లుతుంటే అక్కణ్నుంచే, “ఆకు వచ్చిందా అక్కా?” అని అడిగేది. నేను రాలేదని చెప్పేదాన్ని. గడప దాటి రమ్మని నేను ఒక్కసారి అన్నా వచ్చేదేమో. అనలేదు.

తర్వాత వారం తిరగకుండానే దానికి జ్వరం వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే కదా అని మొదట ఎవరూ కంగారు పడలేదు. ఖాలా కషాయం కాచి ఇచ్చింది. నాలుగో రోజుకు తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కువైంది. నాయన దవాఖానకు తీసుకుపోయాడు. సూదిమందు ఇచ్చారు, గోలీలు ఇచ్చారు. జ్వరం మాత్రం విడవలేదు. ముద్ద లోపలికి పోయేది కాదు. చేతులు, కాళ్లు పుల్లల్లా అయ్యాయి. అమ్మ కూలి మానేసి దాని పక్కనే ఉండిపోయింది.

నేను కొట్టినందుకే ఈ జ్వరం వచ్చిందని నా మనసులో గట్టిగా పడింది. ఎవరితోనైనా చెప్పాలని ఉండేది, చెబితే ఏమంటారోనని భయం. బడిలో కూర్చున్నా, నీళ్లకు పోయినా ఆ చెంపే కళ్లముందు ఉండేది. ఇంట్లోకి వస్తే చెల్లె నులకమంచంలో నుంచే, “ఆకు వచ్చిందా అక్కా?” అని అడిగేది. అప్పటికి నాలుగు కట్టెలు నల్లబడి ముడతలు పడ్డాయి. ఐదోదానికి కండ్లు ఎండిపోయాయి. అబద్ధం చెప్పకూడదని బడిలో చెప్పారు. “రాలే” అనేదాన్ని. అది తల అటు తిప్పుకునేది. అబద్ధం ఆడకపోవడం మంచిపని అనుకున్నాను గాని, నిజం చెప్పిన ప్రతిసారీ దాని ముఖం ఎలా అయ్యేదో ఆలోచించే వయసు నాకు లేదు.

పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాడు. మర్నాడు పొద్దున మొదటి బస్సుకు పోవాలనుకున్నారు. ఆ ముందురోజు మధ్యాహ్నం అమ్మ బట్టలు ఉతకడానికి పోతే ఖాలా వచ్చి చెల్లె దగ్గర కూర్చుంది. నుదుటి మీద తడిబట్ట మారుస్తోంది. నేను నీళ్లబిందెతో లోపలికి వచ్చేసరికి చెల్లె ఖాలా చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతోంది. నన్ను చూసి కళ్లు మూసుకుంది. ఖాలా నా వైపు ఒక్క చూపు చూసింది. పోయేముందు మా ఇంటి వెనక్కి వెళ్లి ఆ కట్టెలను చూసి వచ్చింది.

తెల్లవారి ఇంకా మసక వెలుతురు ఉండగానే నాయన తయారయ్యాడు. అమ్మ చెల్లెను చెద్దరులో చుట్టి నాయన చేతికి అందించింది. వాకిలి దాటబోతుంటే చెల్లె వెనక్కి చెయ్యి చూపించింది. కట్టెలు చూసి పోతానంది.

బస్సు పోతుందని అమ్మ అంటే నాయన, “ఒక్క నిమిషమే గదా, సూడనియ్యి” అని దాన్ని ఎత్తుకుని వెనక్కి నడిచాడు. నేను వాళ్ల కంటే ముందు పరుగెత్తాను. నల్లటి కట్టెలు చూసి అది ఏడుస్తుందని, ఎలాగైనా ఆపాలని.

ఐదు కట్టెల వరసలో నడిమిదానికి ఆకులు ఉన్నాయి.

లేత పచ్చని ఆకులు నాలుగో ఐదో, నీళ్ల తడితో మెరుస్తున్నాయి. క్షణంసేపు నేనూ నమ్మాను. తర్వాత దగ్గరికి పోయి చూశాను. ఆ కట్టె మా కట్టె కాదు. మా వాటికన్నా పొడుగ్గా ఉంది. పైన కోసినచోట తెల్లటి పాలు ఇంకా ఆరలేదు. చుట్టూ మట్టి అప్పుడే కదిలించినట్టు ఉంది. తలెత్తితే ఖాలా గోడ ఇవతల, మా వైపే నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లకు మట్టి అంటింది.

నాకు కోపం వచ్చింది. ఇది మోసం. నోరు తెరిచాను. “అది మన...” అన్నానో లేదో ఖాలా వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా, నొప్పి పుట్టేలా. నా వైపు చూడకుండా చెల్లె వైపే చూస్తూ ఉంది.

నాయన వంగాడు. చెల్లె చెద్దరులో నుంచి చెయ్యి బయటికి తీసి ఒక ఆకును ముట్టుకుంది. తర్వాత నా వైపు చూసింది. ఖాలా చెబితే కాదు, అమ్మ చెబితే కాదు, నేను చెబితేనే నమ్ముతుంది. ఆ కళ్లలో అది తెలుస్తూనే ఉంది.

“నా కట్టెనేనా అక్కా?”

ఖాలా చెయ్యి నా మణికట్టు మీద అలాగే ఉంది. నేను అన్నాను.

“నీ కట్టెనే.”

అప్పుడు అది నవ్వింది. జ్వరం మొదలయ్యాక దాని నవ్వు నేను చూడలేదు. నాయన మెడ చుట్టూ చెయ్యి వేసి, ఆయన చెవిలో చెప్పినట్టుగా, కాని నాకు వినపడేట్టుగా అంది.

“నేను పీకినా గూడ వచ్చింది నాయనా. సావలే.”

నాయనకు ఆ మాట అర్థం కాలేదు. అవును బిడ్డా, వచ్చింది, అని భుజం మీద వేసుకుని నడిచాడు. అమ్మ సంచి పట్టుకుని వెంట పోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. ఇన్ని రోజులూ ఆ పిల్ల జ్వరంలో పడి మోస్తున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. కట్టెలను తనే చంపిందని నమ్మింది. నమ్మించింది నేను.

వాళ్లు తిరిగి వచ్చేదాకా నేను ఖాలా ఇంట్లోనే ఉన్నాను. మొదటి రోజు మధ్యాహ్నానికే ఆ ఆకులు వాలాయి. నేను చెంబులకు చెంబులు నీళ్లు పోశాను. తట్ట బోర్లించి నీడ పెట్టాను. అది బతికితే చెల్లె బతుకుతుందని ఎవరూ చెప్పకుండానే నాకు నేను ఒప్పందం పెట్టుకున్నాను. రెండో రోజుకు ఆకులు నలిగిన గుడ్డపేలికల్లా వేలాడాయి. ఖాలాను లాక్కొచ్చి చూపించాను, ఏదైనా చెయ్యమన్నాను. ఆమె నా పక్కన చతికిలబడి, ఆ ఆకులను చేత్తో ఎత్తి చూసి, మెల్లగా వదిలింది.

“ఇది బతకదు బేటీ. ఆకులతోని పెట్టిన గదా. పెట్టినప్పుడే నాకెరుక.”

ఎనిమిదో రోజు సాయంత్రం అమ్మ, నాయన వచ్చారు. నేను వీధి మొదట్లో నిలబడి ఉన్నాను. బస్సు దిగి నడిచి వస్తున్నవాళ్లు ఇద్దరే. అమ్మ చేతిలో చెద్దరు మడతపెట్టి ఉంది. అంత చక్కగా, నాలుగు మూలలూ కలిపి ఎందుకు మడతపెట్టారో అని నాకు అనిపించింది. అమ్మ నన్ను చూసి ఆగి, నన్ను దాటుకుని నడిచింది. ఖాలా ఎదురొచ్చి అమ్మను పట్టుకుంది. వాళ్లిద్దరూ గోడ పక్కన నేల మీదే కూలబడ్డారు. నాయన వాకిట్లో నిలబడి, ఇంట్లోకి పోవాలో వద్దో తెలియనట్టు, చాలాసేపు తలుపు వైపే చూస్తూ ఉన్నాడు.

చెల్లెను పట్నంలోనే మట్టిచేశారని విని చుట్టాలు వచ్చి పోయారు. ఇల్లు ఖాళీ అయింది. అప్పుడు ఒక పగలు నేను వెనక్కి వెళ్లి ఐదు కట్టెలనూ, ఎండినవీ వాలినదీ, అన్నింటినీ పీకి గోడ మీది నుంచి ఖాలా వాకిట్లోకి విసిరాను. ఆమె బొంత కుడుతోంది. సూది గుచ్చి పక్కన పెట్టి లేచింది. నేను గోడ ఇవతలి నుంచే అరిచాను.

“నువ్వు అబద్ధం జేసినవ్. నాతోని గూడ చెప్పించినవ్. అది నిజమనుకునే పోయింది.”

ఖాలా కోపం చేసుకోలేదు. నేను చిన్నపిల్లనని తీసిపారెయ్యనూ లేదు. గోడ దగ్గరికి వచ్చి, దాని మీద రెండు చేతులూ ఆనించి, పెద్దవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడింది.

“అవును, అబద్ధమే. నేనే జేసిన. నీ నోట్లకెల్లి వచ్చినా గా మాట నాదే. రేపు పైన అల్లా అడిగితే నేను జవాబిచ్చుకుంట. నువ్వు ఇయ్యనక్కర్లే.”

ఆ మాటతో నా కోపం నీరుగారిపోయింది. లోపల దాచుకున్నదంతా ఒక్కసారే బయటికి వచ్చింది. కట్టెలు పీకినందుకు దాన్ని కొట్టానని, ఎంత గట్టిగా కొట్టానో, అప్పుడు ఏమన్నానో, దానికే జ్వరం వచ్చిందని, అన్నీ చెప్పాను. గోడ మీది మట్టిపెళ్లలు గోళ్లతో గీకుతూ చెప్పాను. ఖాలా గోడకు అటు నుంచే నా తల దగ్గరికి తీసుకుంది.

“దెబ్బకు జరం రాదు బేటీ. గది మనసులకెల్లి తీసెయ్యి. కొట్టుడు మాత్రం తప్పే. తప్పు కాదని నేను చెప్ప.”

ఇంకో మాట కూడా అంది. పట్నం పోయే ముందురోజు చెల్లె తన చెవిలో చెప్పిందేమిటో చెప్పింది. “అక్క కట్టెలు నేను ఖరాబు జేసిన. అక్కకు ఇంకోటి ఇయ్యి ఖాలా” అని అడిగిందట. నువ్వు కొట్టిన సంగతి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు, అంది ఖాలా.

నిజంగా ఆ పిల్ల అలాగే అడిగిందో, లేక నా ముఖం చూసి నా కోసం ఖాలా అల్లి చెప్పిందో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను అడగలేదు. అడగడానికి నాకు అరవై ఏళ్ల జీవితం ఉంది, అందులో ఇరవై ఏళ్లు ఖాలా కూడా ఉంది. గోడకు అటూ ఇటూ నిలబడి ఎన్నో మాట్లాడుకున్నాం. అది మాత్రం అడగలేదు.

మరుసటి ఏడు వానాకాలం ఖాలాను అడిగి నేనే కట్టెలు తెచ్చుకున్నాను. ఆకులు దూసి, ఏటవాలు కొన కిందికి పెట్టి, మట్టి నొక్కి, ఇక ముట్టుకోలేదు. ఐదింట్లో మూడు బతికాయి. రెండు వేరేవాళ్లకు ఇచ్చి ఒకటి ఉంచుకున్నాం. అది పెరిగి కాయడం మొదలుపెట్టాక మొదటి పండ్లు అమ్మ ముందు పెట్టాను. అమ్మ ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి వీధిలో పిల్లలను పిలిచి పంచేసింది. ఆ తర్వాత ఏటేటా అలాగే చేసింది. తను మాత్రం తినలేదు. నా పెళ్లయ్యాక ఎక్కడ ఉన్నా, ఎవరు అడిగినా కట్టెలు కోసి ఇచ్చాను. ఎలా పెట్టాలో చెప్పాను. ఈ మధ్య మా వీధిలో ఒకమ్మాయి ఫోనులో చూసి, ఏదో మందుపొడి అద్ది కుండీలో పెట్టింది. అదీ బాగానే వచ్చింది. ఎవరి చేతిలో వచ్చినా నాకు సంతోషమే.

అమ్మ దగ్గర మాత్రం ఒక సంగతి మిగిలిపోయింది. చెల్లె గురించి మాట వచ్చినప్పుడల్లా అమ్మ చెప్పేది ఒకటే. పట్నం పొయ్యే పొద్దుగాల చిన్నది తన కట్టెకు ఆకు రావడం చూసి నవ్వుకుంట పోయింది, అని. పెళ్లిళ్లలో చెప్పేది, చావు ఇళ్లలో చెప్పేది, కొత్తగా వచ్చిన కోడళ్లకు చెప్పేది. దాని బతుకులో చివరి మంచిమాటగా ఆమె దాన్ని పట్టుకుంది. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. ఒకసారి, నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక, నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అమ్మ ముఖం చూశాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ, ఆ మాట చెప్పి, తనలో తనే కొంచెం నవ్వుకుంటోంది. చేట నా వైపుకు లాక్కుని నేనూ రాళ్లు ఏరాను.

ఖాలా పోయి చాలా ఏళ్లయింది. నాయన ఆమె కంటే ముందే పోయాడు. అమ్మ పోయిన ఏడు పోయింది. ఇప్పుడు ఈ సంగతి చెబితే నొచ్చుకునేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందుకే చెబుతున్నాను. ఆకు రాలేదు. కోసిన కొమ్మను ఖాలా తెచ్చి గుచ్చింది. నేను అవునన్నాను. ఆ అబద్ధానికి జవాబు తనే చెప్పుకుంటానని ఖాలా తీసుకుపోయింది గాని, అందులో నా వాటా నేను ఉంచుకున్నాను. ఆ పిల్లకు నేను చేసిన మంచిపని అది ఒక్కటే. దాన్ని ఎవరికీ ఇవ్వను.

మొన్న మా మనుమరాలు తన బాబుతో వచ్చింది. వాడికి మూడేళ్లు. పప్పుడబ్బా మొత్తం నేల మీద కుమ్మరించాడు. అమ్మాయి విసిగిపోయి చెయ్యి ఎత్తితే నేను మధ్యలోకి పోయి బాబును ఎత్తుకున్నాను. అది నన్ను చూసి అడిగింది. “నీకు కోపమే రాదా అమ్మమ్మా? అమ్మ కూడా చెప్తది, నువ్వు ఎన్నడూ కొట్టలేదని.”

“ఎందుకు రాదు? మస్తు వస్తది,” అన్నాను. “చెయ్యి మాత్రం నా జన్మల ఒక్కసారే లేసింది.”

ఎవరి మీద అని అది అడగలేదు. పప్పు ఎత్తడానికి వంగింది. నేనూ చెప్పలేదు. బాబును చంకనేసుకుని వాకిట్లోకి పోయి, వాడు నిద్రపోయేదాకా అటూ ఇటూ తిరిగాను.